చిన్న దెబ్బ కూడా వినాలి: ఇంటి స్టూడియోకి డ్రమ్ ప్యాడ్ ఎంపిక

పెత్తర అమావాస్య దగ్గర పడుతున్న కొద్దీ వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఎన్నో ఇళ్లలో కొత్త బతుకమ్మ పాటల పని ఊపందుకుంటుంది. పాట రాసేవారు ఒకరు, పాడేవారు ఒకరు, పడకగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దానికి దరువు కట్టేవారు ఒకరు. ఒకప్పుడు ఇదే పనికి హైదరాబాద్ వెళ్లి స్టూడియోకి గంటల లెక్కన డబ్బు కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక కంప్యూటర్, ఒక మైకు, మంచి హెడ్‌ఫోన్లు ఉంటే పాట తయారవుతోంది. కానీ ఈ ఇంటి పాటల్లో చాలావాటిని వింటే గొంతు బాగుంటుంది, మాట బాగుంటుంది, దరువు మాత్రం గోడ గడియారంలా కొట్టుకుపోతుంది. ఆ దరువును ఎవరూ చేత్తో వాయించకపోవడమే దానికి కారణం. మౌస్ పట్టుకుని తెర మీది గళ్లలో ఒక్కో చుక్కే పెట్టి నింపారు.

ఈ లోటు తీర్చడానికి దొరికే సాధనమే డ్రమ్ ప్యాడ్ కంట్రోలర్. పుస్తకమంత పెట్టె, దాని మీద వేళ్లతో కొట్టడానికి రబ్బరు గళ్లు, పక్కన కొన్ని నాబ్‌లు, కంప్యూటర్‌కు కలిపే ఒక యూఎస్‌బీ తీగ. కొనేముందు ఎక్కువమంది అడిగేది ప్యాడ్లు ఎన్ని, రంగుల లైట్లు ఉన్నాయా, ఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది అని. మన దరువులు వాయించేవారు వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ ప్యాడ్ ఎంత చిన్న దెబ్బను వినగలదు?

ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ప్యాడ్ చేసే పనేమిటో చూడాలి. ఈ పెట్టెలో శబ్దం ఉండదు. వేలు తగలగానే అది కంప్యూటర్‌కు ఒక చిన్న కబురు పంపుతుంది. ఆ కబురు భాష పేరు మిడి. 1983లో వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వచ్చిన ఈ ప్రమాణమే నేటికీ నడుస్తోంది. కబురులో ముఖ్యంగా రెండు సంగతులు ఉంటాయి: ఏ ప్యాడ్ మోగింది, ఎంత బలంగా మోగింది. బలాన్ని వెలాసిటీ అంటారు. దాని విలువ 1 నుంచి 127 వరకు ఉంటుంది. ఆ అంకెను చూసి ఏ శబ్దాన్ని ఎంత గట్టిగా వినిపించాలో కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. నాలుగు వరసల్లో నాలుగేసి ప్యాడ్లు ఉండే అమరికకు పేరు తెచ్చినది 1988లో అకాయ్ కంపెనీ కోసం రోజర్ లిన్ రూపొందించిన ఎంపీసీ60. దానిలో శబ్దాలు, రికార్డింగ్ అన్నీ పెట్టెలోనే ఉండేవి. నేటి చిన్న కంట్రోలర్లు ఆ పదహారు గళ్లను మాత్రం ఉంచుకుని మిగతా పనంతా కంప్యూటర్‌కు వదిలేశాయి. అందుకే అవి సంచిలో పడతాయి, ధర కూడా తక్కువ.

ఇప్పుడు డప్పు దగ్గరికి వద్దాం. డప్పు వాయించే మనిషి కుడిచేతిలో పొట్టిగా, లావుగా సిర్ర ఉంటుంది. ఎడమచేతిలో పొడుగ్గా, సన్నగా చిటికెన పుల్ల ఉంటుంది. సిర్ర దెబ్బ నేలను తాకినట్టు బరువుగా పడుతుంది. పుల్ల చర్మాన్ని అలా తాకి తప్పుకుంటుంది. వినేవారి కాళ్లు సిర్ర దెబ్బకు కదులుతాయి, కానీ ఆ దెబ్బకు బరువు ఇచ్చేది దాని ముందూ వెనకా పుల్ల వేసే చిరుదెబ్బలే. వాటిని తీసేస్తే మిగిలేది గడప మీద సుత్తి చప్పుడు. ఇదే దరువును వెలాసిటీ అంకెల్లో పెట్టి చూస్తే సిర్ర 110 దగ్గర, దాని పక్కన పుల్ల 30 దగ్గర, మరో పుల్ల 45 దగ్గర, మళ్లీ సిర్ర 100 దగ్గర, ఇలా ఉంటుంది. ప్యాడ్‌కు 30 వినపడకపోతే ఆ దెబ్బ పాటలోకి రానేరాదు. వాయించేవారు అది వచ్చేదాకా వేలు బలం పెంచుతూ పోతారు. అప్పుడు చిరుదెబ్బ కాస్తా 70 దాటిపోతుంది. చివరికి అన్ని దెబ్బలూ ఒకే ఎత్తుకు చేరతాయి. మౌస్‌తో చుక్కలు పెట్టినప్పుడు వచ్చిన చప్పిడి దరువే, ఈసారి డబ్బు ఖర్చు పెట్టి కూడా, మళ్లీ చేతికి వస్తుంది.

తేడా ఎక్కడ వస్తుందంటే, రబ్బరు కింద. చాలా ప్యాడ్లలో రబ్బరు గడి అడుగున ఒత్తిడికి విద్యుత్ నిరోధం మారే పలుచటి పొర ఉంటుంది. గట్టిగా నొక్కితే నిరోధం తగ్గుతుంది, దాన్ని లోపలి చిప్ అంకెగా మారుస్తుంది. రబ్బరు మందం, పొరకూ రబ్బరుకూ మధ్య ఉన్న ఖాళీ, ఎంత ఒత్తిడి దాటితే దెబ్బగా లెక్కించాలి అనే హద్దు, ఈ మూడూ కలిసి ప్యాడ్ స్వభావాన్ని నిర్ణయిస్తాయి. హద్దు మరీ ఎక్కువ పెడితే చిరుదెబ్బ పోతుంది. మరీ తగ్గిస్తే ఒక దెబ్బ రెండుగా మోగుతుంది, లేదా ఒక గడి కొడితే పక్క గడి కూడా పలుకుతుంది. కొన్ని పాత మోడళ్ల ప్యాడ్లు మొండిగా ఉండటంతో వాడుకరులు వాటిని విప్పి రబ్బరు కింద ఇన్సులేషన్ టేపు పొరలు అతికించి ఆ ఖాళీని తగ్గించుకునేవారు. వారంటీ ఉన్న కొత్త పెట్టెను విప్పడం తెలివైన పని కాదు. కానీ ఈ చిట్కా అంతగా వ్యాపించిందంటే, సమస్య వేళ్లలో లేదని, రబ్బరు కిందే ఉందని అర్థం చేసుకోవచ్చు.

దీన్ని పరీక్షించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో వచ్చే మిడి కబుర్లను చూపించే కిటికీ తెరిచి, ఉంగరపు వేలితో ప్యాడ్ మీద తట్టాలి. చూపుడు వేలు ఎప్పుడూ బలంగానే పడుతుంది కనుక అది ప్యాడ్ లోపాన్ని కప్పిపుచ్చుతుంది, ఉంగరపు వేలు కప్పిపుచ్చదు. మెల్లగా తడుతూ 20, 30 మధ్య అంకెలు నిలకడగా వస్తున్నాయా చూడాలి. ఆ తర్వాత గడి మధ్యలో కాకుండా నాలుగు మూలల్లో తట్టాలి. మధ్యలో 60 చూపించి మూలలో 15 చూపించే ప్యాడ్ మీద వేగంగా వాయించేటప్పుడు వేలు అటూ ఇటూ జరిగితే దరువు కుంటుతుంది. చివరగా ఒకే వేగంతో, ఒకే బలంతో ఇరవై దెబ్బలు వేసి అంకెలు ఎంత చెదురుతున్నాయో గమనించాలి. మనిషి చేతిలో కొంత చెదురు సహజం. 80 చుట్టూ తిరగాల్సినది ఉన్నట్టుండి 127కు ఎగిరితే అది చేతి తప్పు కాదు. చాలా కంట్రోలర్లలో వెలాసిటీ కర్వ్ అనే సర్దుబాటు ఉంటుంది, దానితో చిరుదెబ్బల వైపు ఎక్కువ చోటు ఇవ్వవచ్చు. కానీ ప్యాడ్ అసలు వినని దెబ్బను ఏ కర్వ్ కూడా తెచ్చిపెట్టలేదు.

రెండో పెద్ద సంగతి నడక. డ్రమ్ సాఫ్ట్‌వేర్లు తెరవగానే ఒక వరసలో పదహారు గళ్లు కనిపిస్తాయి. అది తకధిమి లెక్క: నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు నాలుగు భాగాలు. బరాత్‌లో తీన్‌మార్ ఊపుకూ, మన జానపదాల్లో ఎన్నింటికో నడక తకిట తకిట, అంటే తిశ్రం. నాలుగు భాగాల గళ్లలో మూడు భాగాల నడకను పెడితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బ 500 మిల్లీసెకన్లు. తిశ్రంలో లోపలి రెండు అక్షరాలు 167, 333 మిల్లీసెకన్ల దగ్గర పడాలి. పదహారు గళ్ల అమరికలో దగ్గరి చోట్లు 125, 375. వాయించిన దాన్ని సాఫ్ట్‌వేర్ ఆ గళ్లకు లాగి సరిచేస్తే ఒక అక్షరం 42 మిల్లీసెకన్లు ముందుకు, మరొకటి అంతే వెనక్కి పోతుంది. తకిట కాస్తా విరిగిపోతుంది. పాటలో ఊపు ఎక్కడో జారిపోయిందని తెలుస్తుంది కానీ కారణం చెవికి దొరకదు.

అందుకే కంట్రోలర్‌లో నోట్ రిపీట్ ఉంటే అది తిశ్రం భాగాలు ఇస్తుందా అని చూడటం అవసరం. ప్యాడ్ నొక్కి పట్టుకుంటే అదే శబ్దాన్ని తాళానికి తగ్గట్టు వరసగా మోగించే మీట ఇది. వేగం ఎంచుకునే చోట అంకె పక్కన టీ అనే అక్షరం ఉన్నవి తిశ్రానివి. నొక్కే ఒత్తిడిని బట్టి ఒక్కో దెబ్బ బలం మారితే డోలు ఉరుకులు, ఒగ్గుకథలో కథ వేడెక్కే చోట వచ్చే పరుగులు బాగా పలుకుతాయి. ఇక అన్ని దెబ్బలనూ 127 చేసే ఫుల్ లెవెల్ మీట ఒకటి పక్కనే ఉంటుంది. నృత్యగీతాల్లో కిక్ డ్రమ్ ఒకే బలంతో పడాల్సినప్పుడు అది పనికొస్తుంది. డప్పు వాయిస్తుంటే మాత్రం దాని జోలికి పోకూడదు.

ఇక మార్కెట్లో దొరికే వాటి సంగతి. అకాయ్ ఎంపీడీ218లో పదహారు మందపాటి ప్యాడ్లు, ఆరు నాబ్‌లు ఉంటాయి. మూడు బ్యాంకులతో, అంటే అవే గళ్లకు మార్చుకునే మూడు శబ్దాల జట్లతో, కలిపి 48 శబ్దాలకు చోటు దొరుకుతుంది. నోట్ రిపీట్ ఉంది, తిశ్రం భాగాలూ ఉన్నాయి, నొక్కి ఉంచిన ఒత్తిడిని కూడా పంపుతుంది. దాని ప్యాడ్లు మెత్తనివి కావు, గట్టి చేతివారికి నచ్చుతాయి. ప్రధానంగా దరువు కోసమే కొనేవారు ముందు దీన్నే చేత్తో పరీక్షించి చూడటం మంచిది. అదే కంపెనీ ఎల్పీడీ8 ఇంకా చిన్నది: ఎనిమిది ప్యాడ్లు, ఎనిమిది నాబ్‌లు. నోట్ రిపీట్ ఉండదు. డప్పు, డోలు, తాళాలు, చప్పట్లు మాత్రమే కావాలనుకునేవారికి ఎనిమిది గళ్లు సరిపోతాయి. మనవైపు జానపద పాట చాలావరకు అంతకు మించి అడగదు.

కోర్గ్ నానోప్యాడ్2లో పదహారు ప్యాడ్లు ఎనిమిదేసి రెండు వరసల్లో ఉంటాయి, పక్కన వేలితో గీసే పలక ఒకటి. చాలా పలుచన, కీబోర్డు ముందు సర్దుకుపోతుంది. అయితే రెండు చేతులూ ఎడంగా పరుచుకుని వాయించాలి, నాలుగు వరసల అమరికకు అలవాటు పడిన వేళ్లు తడబడతాయి. ఆర్టూరియా బీట్‌స్టెప్ కూడా రెండు వరసలదే, కానీ దానిలో పదహారు నాబ్‌లతో పాటు దెబ్బలను వరసగా పెట్టి తిరిగి మోగించే సొంత సీక్వెన్సర్ ఉంది. వరసను 12 అడుగులకు కుదించుకుంటే తకిట నాలుగుసార్లు చక్కగా ఇముడుతుంది. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ మషీన్ మైక్రో తన సొంత సాఫ్ట్‌వేర్ చుట్టూ కట్టినది. ఆ పద్ధతికి మారడానికి సిద్ధంగా ఉంటేనే దాని ఖర్చు దండగ కాదు.

అందంగా కనిపించి చాలామందిని తప్పుదారి పట్టించేది నోవేషన్ లాంచ్‌ప్యాడ్ మినీ. 64 గళ్లు, ఇంద్రధనుస్సు వెలుగులు, చూడగానే కొనాలనిపిస్తుంది. లూపులను, అంటే తిరిగి తిరిగి మోగే పాట ముక్కలను, వరసగా మోగించి వేదిక మీద పాట నడిపించేవారికి అది చక్కటి పరికరం. కానీ దాని గళ్లకు దెబ్బ బలం తెలియదు. పుల్ల తగిలినా, సిర్ర పడినా అంకె ఒక్కటే. అదే వరసలో లాంచ్‌ప్యాడ్ ఎక్స్‌కు బలం తెలుస్తుంది, ఒత్తిడి కూడా తెలుస్తుంది, ధర కూడా దానికి తగ్గట్టే పెరుగుతుంది. పేరులో, రూపంలో పోలికలున్నాయని ఒకదాని బదులు మరొకటి కొంటే మొదటి సాయంత్రమే నిరాశ తప్పదు. మరోవైపు, పాట బాణీ కూడా తామే కట్టేవారికి అకాయ్ ఎంపీకే మినీ సరైన రాజీ: 25 మెట్ల చిన్న కీబోర్డు, ఎనిమిది ప్యాడ్లు ఒకే పెట్టెలో ఉంటాయి. గది చిన్నది, బల్ల చిన్నది, డబ్బు కూడా చిన్నమొత్తం అయినప్పుడు రెండు పరికరాల బదులు ఒకటి కొనడంలో తప్పేమీ లేదు.

ఎంత మంచి ప్యాడ్ కొన్నా, దెబ్బకూ శబ్దానికీ మధ్య ఆలస్యం ఉంటే చేయి వాయించదు. ఆ ఆలస్యంలో ప్యాడ్ వాటా చాలా తక్కువ, కంప్యూటర్‌ది ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అనే అమరిక ఉంటుంది: కంప్యూటర్ ఒక్కోసారి ఎన్ని శాంపిళ్లను, అంటే శబ్దపు అతిచిన్న ముక్కలను, పోగుచేసి పంపాలో అది చెబుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన బఫర్ 128 అయితే దాదాపు 3 మిల్లీసెకన్లు, 512 అయితే దాదాపు 12, 1024 అయితే 23 మిల్లీసెకన్లు పడుతుంది. దాని పైన పరికరాల సొంత ఆలస్యం కలుస్తుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 12 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే నాలుగు మీటర్ల దూరంలో ఉన్న డప్పును మన చేత్తో వాయిస్తున్నట్టు. 23 అంటే వాకిలి అవతల ఉన్నట్టు. వాయించేటప్పుడు బఫర్ తగ్గించి, అన్ని ట్రాకులూ కలిపి మిక్సింగ్ చేసేటప్పుడు పెంచుకోవాలి. విండోస్ కంప్యూటర్‌లో శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో పంపే ఏసియో డ్రైవర్ వాడటం దీనికి మొదటి మెట్టు. మాక్‌లో ఆ బాధ్యత దాని సొంత కోర్ ఆడియోనే చూసుకుంటుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో ప్యాడ్ వాయించడం కుదరదు. వాటి ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలు విషయం. కొత్త ప్యాడ్ పాడైందనుకుని తిప్పి పంపేవారిలో కొందరి అసలు సమస్య చెవిలో ఉన్న ఆ తీగలేని బుడిపెలే. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని మరోసారి చూస్తే తేలిపోతుంది. ఫోన్‌తో పని కానిచ్చుకోవాలనుకునేవారు కంట్రోలర్ విడిగా డ్రైవర్ అడగకుండా పనిచేసే రకమా అని చూడాలి, ఫోన్‌కు యూఎస్‌బీ పరికరాలను కలిపే ఓటీజీ తీగ తీసుకోవాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దం ఆలస్యం కంప్యూటర్ కంటే ఎక్కువే ఉంటుంది కనుక అభ్యాసానికి ఫోను, రికార్డింగ్‌కు కంప్యూటర్ అన్నది ఆచరణలో నిలిచే పద్ధతి.

కంట్రోలర్‌తో ఉచితంగా వచ్చే శబ్దాల పెట్టెలో మన డప్పు ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు. అమెరికన్ హిప్‌హాప్ డ్రమ్ములు, యూరప్ క్లబ్ శబ్దాలు బోలెడు ఉంటాయి. వాటితో సిర్ర శబ్దాన్ని అనుకరించే ప్రయత్నంలో వారాలు గడిపేకంటే, ఊళ్లో వాయించే కళాకారుణ్ని పిలిచి, ఆయన శ్రమకు తగిన డబ్బు ఇచ్చి, రెండు గంటలు రికార్డు చేసుకోవడం ఎంతో మేలు. చర్మాన్ని మంట దగ్గర కాచి శ్రుతి బిగించిన వెంటనే మొదలుపెట్టాలి, చల్లబడితే శ్రుతి దిగిపోతుంది కనుక మధ్యలో మళ్లీ కాచుకునే వ్యవధి ఇవ్వాలి. సిర్రతో నాలుగు బలాల్లో, పుల్లతో నాలుగు బలాల్లో, ఒక్కో బలానికి కనీసం మూడు దెబ్బలు విడివిడిగా తీసుకోవాలి. పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియోలోని ఎఫ్‌పీసీ వంటి డ్రమ్ సాఫ్ట్‌వేర్లో ఒక్కో ప్యాడ్ కింద వీటిని పొరలుగా పేర్చవచ్చు: వెలాసిటీ 1 నుంచి 40 వరకు మెత్తటి దెబ్బ, 41 నుంచి 80 వరకు దాని పైది, అలా 127 దాకా. ఒకే శబ్దాన్ని పెంచి తగ్గించడంతో రాని ప్రాణం దీనితో వస్తుంది. డప్పు మీద మెల్లగా కొట్టిన దెబ్బ శబ్దం తగ్గడంతో ఆగదు, దాని రంగే వేరు.

ప్యాడ్ల మీద అమరిక కూడా ఆ చేతులనే అనుసరించాలి. కుడిచేతి కింద సిర్ర, ఎడమచేతి కింద పుల్ల, వాటి పై వరసలో తాళాలు, చప్పట్లు. చాలా సాఫ్ట్‌వేర్లు మొదటి ప్యాడ్‌ను 36వ నోట్‌గా తీసుకుంటాయి. ఏ అంకెకు ఏ వాద్యమో చెప్పే జనరల్ మిడి లెక్కలో అది బాస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్. మన శబ్దాలు పెట్టుకునేటప్పుడు ఆ క్రమాన్ని పాటించాల్సిన పని లేదు. ఒకసారి పెట్టుకున్న అమరికను ప్రతి పాటకూ మార్చకుండా ఉంచితే చాలు, చేతికి అలవాటు అవుతుంది.

బతుకమ్మ చప్పట్ల విషయంలో ప్యాడ్ విలువ మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇరవైమంది ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ కొట్టే చప్పట్లు ఒకే క్షణంలో పడవు. కొన్ని మిల్లీసెకన్లు ముందు ఒకరు, వెనక ఒకరు, ఆ చిన్న తేడాలోనే గుంపు వినిపిస్తుంది. ఒక్క చప్పట్ల రికార్డింగును మౌస్‌తో గడిలో పెడితే ఒకే మనిషి ఖాళీ గదిలో కొట్టినట్టు ఉంటుంది. అదే ముగ్గురు నలుగురి చప్పట్లను వేర్వేరు ప్యాడ్ల మీద పెట్టుకుని, పాట మొదటి నుంచి చివరి దాకా నాలుగైదు సార్లు వేళ్లతో వాయించి, గళ్లకు సరిచేయకుండా పొరలుగా వదిలేస్తే గుంపు కళ్లముందు కదులుతుంది. దీనికి పట్టే సమయం పాట నిడివికి నాలుగైదు రెట్లు, అంతే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు యూఎస్‌బీ తీగ పెట్టే చోటు వదులైందా, తీగ కదిపితే పరికరం ఆగిపోతుందా అని ముందు చూడాలి. రబ్బరు గట్టిపడి ఉంటే పాత యజమాని ఎక్కువగా వాడిన రెండు మూడు గళ్లలోనే తేడా తెలుస్తుంది, అవి సాధారణంగా కింది వరసవి. దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇప్పటికే ఆయన పేరు మీద నమోదై ఉండవచ్చు, కనుక దాని విలువను ధరలో కలపనక్కర్లేదు. ఈ చిన్న పెట్టెలన్నీ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి, కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పని ఆగదు. వేరే పరికరాలు చాలా కలిపిన చవక హబ్‌కు తగిలిస్తే మాత్రం అప్పుడప్పుడు దెబ్బలు తప్పిపోతాయి. నేరుగా కంప్యూటర్‌కే కలపాలి.

వరంగల్‌లో ఇలాంటివి చేత్తో వాయించి చూసి కొనే అవకాశం తక్కువ కనుక ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటారు. అలాంటప్పుడు వాపసు గడువు ఎన్ని రోజులో ఆర్డర్‌కు ముందే చదివి ఉంచుకోవాలి, పెట్టె తెరవడాన్ని ఫోన్‌లో రికార్డు చేయాలి. లైట్లూ రంగులూ తర్వాత చూసుకోవచ్చు. మొదటి రోజే మిడి కిటికీ తెరిచి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా, మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి, ఉంగరపు వేలితో మెల్లగా తట్టి అంకెలు రాసుకోవాలి. పదహారు గళ్లకు ఎనభై అంకెలు, అరగంట పని. వాటిలో ఖాళీలు కనిపిస్తే, గడువు ఉండగానే పెట్టెను మళ్లీ కట్టేయాలి.